పేర్లు కొట్టిన చెంబులు

ఊటలవాయిలో ఎవరూ మెడ తిప్పరు. ఈ సంగతి నేను రెండోసారి వెళ్ళినప్పుడు కనిపెట్టాను. మొదటిసారే కనిపెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఎనభై ఏడు, మే నెల. మణుగూరు రోడ్డు మీద బస్సు దిగి, కిరాయి సైకిలు మీద అడవిలో ఏడు మైళ్ళు తొక్కాను. ఊరి మొదట్లోనే చేదబావి. పది మంది ఆడవాళ్ళు నాకు వీపులు పెట్టి నీళ్ళు చేదుతున్నారు. గిలక కిర్రుమంటోంది.

"అక్కా, పెద్దమనిషి సీతయ్య ఇంటికాడ ఉన్నడా?" అని వెనక నుంచి కేకేశాను.

అందరూ ఒకేసారి తిరిగారు. ముందు పాదాలు, తర్వాత నడుము, భుజాలు, చివరికి ముఖం. కీలు మీద తలుపు రెక్క తిరిగినట్టు మనిషి మొత్తం తిరిగింది. మెడలు మాత్రం కదల్లేదు. పది ముఖాలు ఒక్కసారి నాకెదురై నిలబడేసరికి, ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

నేను నీళ్ళు పరీక్ష చేసే మనిషిని. బీయస్సీ చదివి, ఆఫీసు వాళ్ళిచ్చిన చెక్కపెట్టె సైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగి, బావుల నీళ్ళు సీసాలో పట్టి, అందులో రంగు చుక్కలు వేసి చూస్తాను. మంచి నీళ్ళైతే ఎర్ర రంగు ఎర్రగానే ఉంటుంది. ఫ్లోరైడు ఉంటే పసుపుకు తిరుగుతుంది. ఫ్లోరైడు కంటికి కనపడదు, నాలుకకు తగలదు. ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి మనిషిని కర్రలా బిగదీస్తుంది. లీటరుకు ఒకటిన్నర దాటితే ఆ బావి నీళ్ళు తాగనివ్వకూడదని మాకు రూలు.

రెండేళ్ళ కిందట ఇదే బావిని నేనే చూశాను. అది శ్రావణ మాసం. వారం రోజులుగా ముసురు. వాన నీళ్ళు బావి చుట్టూ కట్టిన ఒర మీదుగా లోపలికి దిగుతున్నాయి. ఆ రోజు ఒకటీ పాయింటు నాలుగు వచ్చింది. పాసు. ఒర మీద తెల్ల పెయింటుతో నేనే రాశాను, ఈ నీరు త్రాగుటకు యోగ్యము అని, కింద తారీకు కూడా. ఎండాకాలంలో మళ్ళీ వచ్చి చూడాలన్న ఆలోచన రాలేదు. వానాకాలంలో ఏ బావి అయినా మంచిదే. చదువుకున్నవాడిని, అంతమాత్రం తెలియకపోవడానికి సాకు లేదు.

నా అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన, ఒర మీద, ఆరేళ్ళ పిల్ల కూర్చుంది. మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి అతుక్కుని, పాదాలు మాత్రం దూరంగా పోయి ఉన్నాయి.

"గీ సారే గదా మంచి నీళ్ళని రాసింది," అన్నది చేద పట్టుకున్న ముసలామె. పేరు భీమక్క. "మళ్ళెందుకొచ్చిండు?"

"మల్ల సూద్దామని," అన్నాను.

"రెండేండ్లకు అనుమానమొచ్చిందా సారూ?"

నవ్వారు. నవ్వినప్పుడు వాళ్ళ పళ్ళు చూశాను. ఒక్కో పంటి మీద అడ్డంగా గోధుమరంగు గీతలు.

నీళ్ళు పట్టి, అందరి ముందరే చుక్కలు వేశాను. ఎర్రగా పడ్డ చుక్క చూస్తుండగానే వెలవెలబోయి, నిమిషంలో సీసా మొత్తం పసుపు. ఈసారి ఆరుంపావు. సీసాను ఎండకు ఎత్తి చూపించి, "సూసిండ్రా, గిట్ల పచ్చగైతే విషమన్నట్టు," అన్నాను.

భీమక్క అడుగులు మార్చుకుంటూ దగ్గరికొచ్చి, సీసాను రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది.

"పసుపు," అన్నది మిగతావాళ్ళతో. "మన గంగ పసుపిచ్చింది."

వరసగా పది మందీ కళ్ళకద్దుకున్నారు. నేను చేసిన పరీక్ష నాకే అడ్డం తిరిగిందని అప్పుడర్థమైంది.

ఒర మీద కూర్చున్న పిల్లకు దాహమైనట్టుంది. దోసిలి పట్టింది. భీమక్క చేదలోంచి పోసింది. ఆ పిల్ల గుక్క తాగడం, ఆగడం, మెడ కదల్చకుండా ఒళ్ళంతా వాల్చి బావిలోకి చెవి పెట్టడం, మళ్ళీ గుక్క తాగడం. ఊరందరి చేతుల్లోనూ ఇత్తడి చెంబులున్నాయి, ఎవరి చెంబు వారిది. ఈ పిల్ల ఒక్కతే దోసిలితో తాగుతోంది.

"నీ చెంబేదమ్మా?"

"పోయింది," అన్నది నా వైపు చూడకుండా.

"నా మనుమరాలు జంపక్క," అన్నది భీమక్క. "నెల కింద చెంబు పోగొట్టుకున్నది. ఎన్నిసార్లడిగినా చెప్పదు."

ఆ ఊరు ఈ నీళ్ళు తాగేది వేరేవి లేక కాదు. సీతయ్య ఉండే గూడెం పక్కన కొత్తగా వేసిన బోరింగు ఉంది. దాని నీళ్ళు పరీక్ష చేశాను, నిక్షేపంగా ఉన్నాయి. కానీ అందులో ఇనుము ఎక్కువ. పట్టగానే తెల్లగా ఉంటాయి, కాసేపటికి ఎర్రబడతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే అచ్చం నెత్తుటి వాసన. అన్నం వండితే నల్లబడుతుంది. చంపే నీళ్ళేమో కొబ్బరి నీళ్ళలా తియ్యగా, బతికించే నీళ్ళేమో నెత్తురు కంపు కొడుతూ. ఎవరు మాత్రం తాగుతారు?

మర్నాడు ట్రాక్టరు మీద సిమెంటు మూత వచ్చింది, ఎనిమిది మంది కూలీలతో. బావి మూసేయాలన్న ఆర్డరు నా జేబులో ఉంది. పొద్దుగూకే లోపల మూత ఎక్కించి, చుట్టూ సిమెంటు మెత్తాం. ఊరు ఊరంతా వచ్చి నిలబడింది కానీ అడ్డం పడలేదు. అదే నాకు నచ్చలేదు.

"పెట్టుకో సారూ," అన్నది భీమక్క. "లోపలోళ్ళకు దూపైతే వాళ్ళే లేపుకుంటరు." దూపంటే దాహం; లోపలోళ్ళెవరో నాకప్పుడు తెలియదు.

ఆ రాత్రికి నా మకాం చెంచురామయ్యగారింట్లో. ఆయన పాతికేళ్ళ కిందట గుంటూరు వైపు నుంచి వచ్చి, పొగాకు వేసి, మిరప వేసి నిలదొక్కుకున్న రైతు. బావి తవ్వించింది ఆయనే. ఇప్పుడు అరవై ఏళ్ళ మనిషి పడక్కుర్చీలో పడుకోలేడు, వీపు వంగదు. నిటారు చెక్క కుర్చీలో దిండ్లు పెట్టుకుని కూర్చుంటాడు. భోజనాల వేళ బావి వైపు నుంచి చప్పుడు వినిపించింది. ణంగుమని ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

"అదేంటండీ?"

"చెంబులబ్బాయ్," అన్నాడు చెంచురామయ్య, ముద్ద నోట్లో పెట్టుకుని.

ఆయన చెప్పిందిది. ఊటలవాయిలో బిడ్డ పుట్టి పేరు పెట్టాక, భద్రాచలం తిరనాళ్ళలో ఒక ఇత్తడి చెంబు కొని దాని మీద ఆ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టిస్తారు. చదవడం ఎవరికీ రాదు. అయినా ఎవరి చెంబు వారికి తెలుసు. మనిషి పోతే పూర్వం ఆ చెంబును వాగొడ్డున పోయినవాళ్ళకు పాతిన నిలువు రాళ్ళ దగ్గర పెట్టేవాళ్ళట. ఈ బావి తవ్వినప్పుడు పిచ్చయ్య అనే ఒడ్డెరవాడు అడుగున ఊట తగలగానే సంతోషంతో చెంబెడు నీళ్ళు తాగి, పైకెక్కుతూ జారిపడి పోయాడు. శవాన్ని తీశారు కానీ చెంబు దొరకలేదు. ఆ ఏడు బావిలో నీళ్ళు ఇంకలేదు. పిచ్చయ్య చెంబు అందులో ఉండబట్టే ఊట ఆగలేదని ఊరు నమ్మింది. అప్పటి నుంచి ఎవరు పోయినా పదో రోజున చెంబు బావిలో వదలడమే. పోయినవాళ్ళకు దప్పిక ఉండదు, ఉన్నవాళ్ళకు నీళ్ళు తగ్గవు.

"ఊట పొంగినప్పుడల్లా అడుగున చెంబులు ఒకదానికొకటి తగులుతాయి. తాగుతున్నారంటారు వీళ్ళు," అన్నాడు. "మా ఆవిడ చెంబు కూడా వేశానబ్బాయ్. నేను నమ్మను. అయినా వేశాను."

"భీమక్క ఇంటివాళ్ళలో ఎవరి చెంబుంది అందులో?"

"కూతురు గంగక్కది. పురిట్లో పోయింది, మూడేళ్ళవుతుంది. బిడ్డా దక్కలేదు. పెద్దపిల్లే ఆ కాళ్ళు వంకర పిల్ల. తల్లి ఈ నీళ్ళలో ఉందని ముసల్ది ఆ పిల్లకు వేరే నీళ్ళు ముట్టనివ్వదు."

నేను అన్నం ముందు నుంచి లేచాను. ఆరేళ్ళ పిల్ల ఎముకలు ఇంకా లేతవి. ఇప్పుడు నీళ్ళు మారిస్తే ఆ కాళ్ళు కొంతన్నా చక్కబడతాయి. ఇంకో రెండేళ్ళు తాగితే ఆ పిల్ల నడవదు. ఇప్పటికే రెండేళ్ళు నా తెల్ల అక్షరాలు చూసుకునే తాగింది.

తెల్లవారి వెళ్ళేసరికి మూత బావి మీద లేదు. పక్కన నేల మీద వెల్లకిలా పరిచి ఉంది. ఎక్కడా అంచు విరగలేదు. ఒర మీద మెత్తిన సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, దాని మీద గునపం గుర్తు గానీ వేలిముద్ర గానీ లేదు. ఎనిమిది మంది కూలీలు ఎత్తిన మూత అది. ఈ ఊళ్ళో నడుం వంగే మగవాళ్ళు నలుగురు కూడా లేరు. ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. నేనడగలేదు, వాళ్ళు చెప్పలేదు. కూలీలు మాత్రం ఆ మూత మళ్ళీ ముట్టుకునేది లేదని చెప్పి ట్రాక్టరెక్కి కూర్చున్నారు.

పోలీసులను పిలిపించవచ్చు. వాళ్ళొచ్చి వెళ్ళాక మూత మళ్ళీ నేల మీదుంటుంది. సీతయ్య దగ్గరికి వెళ్ళాను. ఊరికి పెద్ద, డెబ్బై దాటినవాడు. మంచం పట్టె మీద చేతులు ఆనించి కూర్చున్నాడు.

"పెద్దయ్యా, మీ తాతల కాలంల చెంబులు యాడ పెట్టెటోళ్ళు?"

"వాగు కాడ, రాళ్ళ కాడ."

"అప్పుడు మీ తాతల మెడలు తిరిగెటియా?"

ఆయన తమ్ముడి కొడుకు భద్రయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మణుగూరులో కంట్రాక్టరు దగ్గర పనిచేస్తూ, పదేళ్ళుగా అక్కడి నీళ్ళే తాగుతున్న మనిషి. సీతయ్య వాడిని పిలిచాడు. వాడు మెడ తిప్పి చూశాడు. ఆ చిన్న పనిని ముసలాయన ఏదో వింత చూసినట్టు చూశాడు.

"మా తాత చెట్టెక్కి తేనె తీస్తుండె," అన్నాడు చివరికి. "తీద్దాం. చెంబులు తీసి రాళ్ళ కాడ పెడదాం. అప్పుడు బాయి వట్టి బాయే. మూసుకో."

భీమక్క మాత్రం ఒప్పుకోలేదు. "నా బిడ్డ చెంబు ముట్టనియ్య. మీయి మీరు తీసుకోండ్రి. నేను, నా మనుమరాలు గీ బాయి కాడనే ఉంటం. నువ్వు మంచివని రాస్తివి, ఇప్పుడు విషమంటివి. నీళ్ళు మారినయా సారూ, నువ్వు మారినవా?"

"నేను తప్పు రాసినవ్వా," అన్నాను. "వానల సూసి రాసిన. తప్పు నాదే."

ఆ మాట ఆమె ఊహించలేదు. ముఖం కొంచెం మారింది, కానీ మాట మారలేదు. "తప్పు రాసేటోడు తప్పు చదవడని ఏం నమ్మకం?"

చదవడం మాట ఎందుకొచ్చిందంటే, చెంబులు పైకొచ్చాక ఎవరిది ఎవరిదో చెప్పాలి. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉన్న చెంబు మీద సున్నం పొర కడుతుంది, గుర్తులు పోతాయి. పేరు మాత్రం ఉంటుంది. ఊళ్ళో చదవగలిగింది ఇద్దరం. చెంచురామయ్యకు చూపు ఆనదు. మిగిలింది నేను.

మధ్యాహ్నం భద్రయ్య పాతాళగరిగె తెచ్చాడు. బావిలో పడ్డ బిందెలు తీసే కొక్కేల గుత్తి అది. మోకు కట్టి వదిలాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. జంపక్క ఒర పట్టుకుని లోపలికి చూస్తోంది. నా లెక్క ప్రకారం చివరగా వేసింది పైన ఉంటుంది, కాబట్టి ముందు రావాల్సింది సీతయ్య వదిన చెంబు. ఆమె మాఘ మాసంలో పోయింది.

కొక్కేలు అడుగున తగిలాయి. లోపల చెంబులు కదిలిన చప్పుడు బావి గోడలెక్కి పైకొచ్చింది. మాటలు తెలియకుండా దూరాన జనం మాట్లాడుకుంటే వినిపిస్తుందే, అలా ఉంది. భద్రయ్య లాగాడు. కొక్కేనికి ఒకటి తగులుకుని వచ్చింది.

చిన్నది. పిల్లల చెంబు. సున్నం పొర లేదు. నిన్న మొన్న తోమినట్టు ఎండలో మెరుస్తోంది.

గుంపులో ఎవరూ గుర్తుపట్టే లోపలే, నీళ్ళు కారుతూ నా రెండు చేతుల మధ్యకొచ్చింది. అంచు కింద చుక్కల్లో మూడు అక్షరాలు. చదివాను. మళ్ళీ చదివాను. పైకి చదవలేదు.

"ఎవరిది సారూ?" అన్నాడు సీతయ్య.

ఆ ఊళ్ళో బావిలో చెంబు ఉన్న మనిషంటే పోయిన మనిషే. ఆ పేరు నా నోటి వెంట వస్తే ఆ క్షణాన ఆ ఊరు దాన్ని ఎలా తీసుకుంటుందో నాకు తెలియదు. పేరు చెరిగిపోయిందని చెప్పి పక్కన పెట్టేయవచ్చు. ఎవరూ పట్టుకోలేరు. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా ఒర మీద నా తెల్ల అక్షరాలు కనిపించాయి. ఒకసారి తప్పు రాశాను. ఇప్పుడు తప్పు చదివితే ఇక నాకూ ఆ బావికీ తేడా లేదు.

"జంపక్క," అన్నాను.

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తర్వాత మొత్తం ఊరు, ముందు పాదాలు, తర్వాత నడుము, భుజాలు, అలా నెమ్మదిగా తిరిగి ఆ పిల్లకు ఎదురు నిలబడింది. పిల్ల పక్కనున్న ఆడమనిషి ఒకతె రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనే యేసిన," అన్నది జంపక్క, తప్పు చేసి దొరికిన గొంతుతో. "అమ్మ యెయ్యమన్నది."

"అమ్మెప్పుడన్నదే?" అన్నది భీమక్క.

"నీళ్ళు తాగేటప్పుడు. లోపల్నుంచి. తన చెంబు పక్కన నా చెంబు పెట్టుమన్నది. నువ్వు రోజు అంటవు గదా అవ్వా, అమ్మ అండ్లున్నదని. నాకినపడ్డది."

బావిలో ణంగుమన్నది. భద్రయ్య మోకును ఒక్క చేతికి మార్చుకుని, ఒర నుంచి ఒకడుగు దూరం జరిగాడు.

భీమక్క కదిలింది. పిల్ల దగ్గరికి కాదు, బావి దగ్గరికి. వంగలేదు కాబట్టి ఒరకు పొట్ట ఆనించి, నిటారుగా నిలబడి, ఎదురుగా ఉన్న గాలితో మాట్లాడినట్టు బావిలోని కూతురితో మాట్లాడింది.

"గంగా, ఇన్నేండ్లు నీకు దాన్ని చూపిస్తుంటి. అది తాగితే నీకు సల్లగ ఉంటదనుకుంటి. నువ్వు దాన్నే అడుగుతవా? నీకు నేనుండగ అడుగుతవా? అది నీది గాదిప్పుడు. నాది. ఇన్నవా?"

తర్వాత నా చేతిలోంచి చిన్న చెంబు లాక్కుంది. పిల్ల రెక్క పట్టుకుంది. ఊరి మధ్యలోంచి, ఎవరినీ చూడకుండా, సీతయ్య గూడెం వైపు నడిచింది. మేమంతా వెనకాలే వెళ్ళాం. బోరింగు దగ్గర ఆగి, నడుం వంగని మనిషి, మోకాళ్ళ మీద బరువేసి, బోరింగు పిడి కిందికీ పైకీ కొట్టింది. చెంబు నింపింది. పిల్ల నోటికి పెట్టింది.

"నెత్తురు వాసనే," అన్నది జంపక్క, మూతి తిప్పుకుని.

"అవ్. బతికున్నోళ్ళ వాసన గట్లనే ఉంటది. తాగు."

తాగింది. భీమక్క మిగిలింది తాను తాగింది.

ఆ సాయంత్రం దాకా చెంబులు తీస్తూనే ఉన్నాం. సున్నం గోకి గోకి పేర్లు చదివాను. ఒక్కో పేరు చదివినప్పుడల్లా ఎవరో ఒకరు ముందుకొచ్చి, పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకునేవారు. చెంచురామయ్య తన భార్య చెంబు ఒళ్ళో పెట్టుకుని, కండువాతో సున్నం రుద్దుతూ కూర్చున్నాడు. అన్నిటికంటే అడుగున పిచ్చయ్యది దొరికింది, రాయిలా. గంగక్కది మాత్రం రాలేదు. భద్రయ్య ఏడుసార్లు వేశాడు. ప్రతిసారీ కొక్కేనికి బరువు తగిలేది, సగం దూరం వచ్చేది, మోకు వదులయ్యేది. ఎనిమిదోసారి నేనే వద్దన్నాను.

చెంబులు వాగొడ్డుకు వెళ్ళాయి. అవి వెళ్ళాక కూలీలు ట్రాక్టరు దిగొచ్చి మూత బావి మీదికెక్కించారు. ఒర మీది తెల్ల అక్షరాలను నేనే తారుతో చెరిపాను. ఈసారి మూత తెల్లవారినా అక్కడే ఉంది. తర్వాతా అక్కడే ఉంది.

మరుసటి ఏడు భాద్రపదంలో మళ్ళీ వెళ్ళాను. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి, అప్పటి నుంచి ప్రతి బావికీ నాది అదే పద్ధతి. మూత మీద ఒక ఇత్తడి చెంబు ఉంది, ఖాళీగా. పక్కన భీమక్క కూర్చుని ఉంది.

"గంగకు," అన్నది, నేనడక్కుండానే. "పొద్దుగాల బోరింగు నీళ్ళు నింపి పెడతా. పొద్దుగూకేసరికి తాగేస్తది."

"ఎండకు ఆవిరైపోతయవ్వా," అన్నాను.

ఆమె ఆకాశం వైపు చూడలేదు, మెడ లేవదు కాబట్టి. అరచేయి మాత్రం చాపింది. దాని మీద సన్నగా తుంపర పడుతోంది. పది రోజులుగా పడుతూనే ఉందట.

"వానకాలంల గూడనా సారూ?"

పెట్టె తీసుకుని బోరింగు వైపు నడిచాను. అక్కడ ఒక పిల్ల నాకు వీపు పెట్టి నీళ్ళు కొడుతోంది. మోకాళ్ళ మధ్య అరచేయి పట్టేంత సందు కనిపిస్తోంది. వంకర నిజంగానే తగ్గిందో, నేను తగ్గాలనుకుని చూస్తున్నానో తేల్చుకోలేకపోయాను.

"జంపక్కా," అని వెనక నుంచి పిలిచాను.

బోరింగు పిడి వదల్లేదు. పాదాలు కదల్లేదు. మెడ ఒక్కటి తిప్పి నన్ను చూసింది.